పెళ్ళిళ్ళు చేయించేవాడి పెళ్ళి

మాఘమాసం పెళ్ళిళ్ళు జోరు మీదున్న రోజుల్లో ఒక పొద్దున, పదకొండు దాటాక, నరహరి గారు మా మిర్యాలగూడ ఇంటికి వచ్చారు. ముహూర్తాలున్న రోజు పురోహితుడు తీరిగ్గా ఒకరింటికి వచ్చాడంటే ఎక్కడో కొంప మునిగిందనే అర్థం. పురోహితుడి కూతురిని కాబట్టి ఆ సంగతి నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. రైసుమిల్లుకు వచ్చిన లారీలు మా వీధి మలుపులో అడ్డంగా నిలబడి ఉంటే, వాటి సందుల్లోంచి పంచె కుచ్చెళ్ళు ఒక చేత్తో ఎత్తిపట్టుకుని, ఇంకో చేత్తో గుడ్డసంచీ పట్టుకుని నడిచి వచ్చారు. డెబ్బై దాటిన మనిషి. కోదాడ నుంచి హుజూర్‌నగర్ మీదుగా బస్సులో నిలబడే వచ్చారట. కుళాయి దగ్గర కాళ్ళు కడుక్కుని, కుర్చీ వేస్తే వద్దని చాప మీద కూర్చుని, మజ్జిగ తాగారు. ఒకప్పుడు పందిట్లో మైకు లేకుండా చివరి వరుస దాకా వినిపించిన గొంతు ఇప్పుడు జీరపోయింది. ఆయన మా నాన్న దగ్గర చదువుకున్నవారు. నాన్న సూర్యాపేటలో పెళ్ళిళ్ళు చేయించే అయ్యగారు, చేయించేవాళ్ళను తయారుచేసిన అయ్యగారు కూడా.

"ఇయ్యాల పెండ్లి మా వాసు చేస్తున్నడు. మీతోని ఒక పనుండి వచ్చిన, సుభద్రమ్మా," అన్నారు. వాసు అంటే వాసుదేవ శర్మ. కోదాడలో నరహరి గారు నడిపే ఒంటిగది పాఠశాలలో చదువు పూర్తిచేసి, ఆయన పక్కనే నిలబడిన ఒకే ఒక్క శిష్యుడు. మిగతావాళ్ళు ఇంకా అక్షరాలు దిద్దే వయసు పిల్లలు, ఇద్దరే. "వాడు ఇడిచిపెట్టి పోతనంటున్నడు. హైదరాబాద్‌ల మందుల గోడౌన్ల పనట. అట్లయితెనన్న ఎవరన్న పిల్లనిస్తరు గురువుగారూ, అంటడు. ముప్పై నిండొస్తున్నయి. పదకొండు సంబంధాలు చూసినం. పిలగాడు ఏం చేస్తడంటే పురోహితం అని చెప్తం. జాతకాలు కలువలేదంటరు, ఇగ ఆ తర్వాత ఫోనే ఎత్తరు." నా ముఖంలోకి చూడకుండా అడగవలసింది అడిగారు. "మీ తమ్ముని బిడ్డ కీర్తన ఉన్నది గదా. ఒక్క మాట మీరు అడిగి చూడండి. మీ మాట ఇంటది."

నాకు ఎక్కడ తల దాచుకోవాలో తెలియలేదు. ఆ మాట అడగడానికి ఆయనకు అన్ని విధాలా హక్కు ఉంది. అడిగించుకునే ముఖమే నాకు లేదు. యాభై ఏళ్ళ కింద ఇదే ప్రశ్న నన్ను అడిగారు. అప్పుడు పెళ్ళికొడుకు వాసు కాదు, నరహరి గారే. నేను చెప్పిన జవాబు ఆయన విన్నారు. ఆ రోజు నుంచి ఈ రోజు దాకా ఇద్దరం ఆ ఊసెత్తలేదు.

సూర్యాపేటలో మా ఇల్లు పెద్దదేమీ కాదు గానీ ఎప్పుడూ నిండుగా ఉండేది. నాన్న దగ్గర ముగ్గురో నలుగురో శిష్యులు ఉండేవారు. మోతె వైపు నుంచి, పెన్‌పహాడ్ వైపు నుంచి తండ్రులు పిల్లల్ని తీసుకొచ్చి, "మీ చేతుల పెడుతున్నం అయ్యగారూ" అని వదిలి వెళ్ళేవారు. పక్కవసారాలో తెల్లవారకముందే పాఠం మొదలయ్యేది. నాకు బాల్యం అంటే ముందు గుర్తొచ్చేవి వాసనలే. ఎండకు ఆరబెట్టిన దర్భల వాసన, తడిపంచెల వాసన, కర్పూరం అంటిన రాగిచెంబు వాసన, నాన్న సంచీలో పసుపుకొమ్ములూ వక్కలూ తమలపాకులూ కలిసిపోయిన ఒక వింత వాసన. ఆ సంచీ ఉతికినా పోయేది కాదు. అన్నిటికంటే ఎక్కువగా బియ్యం. పెళ్ళి చేయించి వచ్చినప్పుడల్లా ఒక మూట వచ్చేది. ఒక ఇంటివి కొత్తబియ్యం, ఇంకో ఇంటివి పాతవి, ఒకరివి సన్నాలు, ఒకరివి దొడ్డువి. అమ్మ అన్నీ ఒకే గాబులో పోసేది. అందుకని మా ఇంట్లో అన్నం ఏనాడూ ఒక్క తీరుగా ఉడకలేదు. సగం మెత్తగా సంకటయ్యేది, సగం పలుకు మిగిలేది. "ఊరందరి అన్నం గిట్లనే ఉంటది, తిను," అనేది అమ్మ. బడిలో నా స్నేహితురాళ్ళ డబ్బాల్లో మల్లెమొగ్గల్లా విడివిడిగా ఉన్న అన్నం చూసి నేను కుళ్ళుకునేదాన్ని.

పెళ్ళి చేయించడం నేర్పే పద్ధతి ఒకటి ఉండేది మా ఇంట్లో. మంత్రాలు నోటికి వస్తే చాలదు, చేతులు కూడా నేర్చుకోవాలి అనేవారు నాన్న. వారానికోసారి వసారాలో ఉత్తుత్తి పెళ్ళి జరిగేది. పెళ్ళికొడుకు రోకలి. దానికి ఒక పంచె చుట్టేవారు. పెళ్ళికూతురిని నేను. ఆరేడేళ్ళ పాటు ఆ రోకలితో నాకు ఎన్నిసార్లు పెళ్ళయిందో లెక్కలేదు. శిష్యుల్లో ఒకడు పురోహితుడు, ఇంకొకడు పిల్లతండ్రి, ఇంకొకడు ప్రతిదానికీ అడ్డొచ్చే వియ్యపురాలు. మా తమ్ముడు కంచం మీద గరిటెతో దబదబా బాదేవాడు. అది మేళమన్నమాట. "మేళం మోగంగ గూడ నీ మంత్రం నీకు ఇనపడాలె. నీకే ఇనపడకపోతె ఇగ దేవతలకేం ఇనపడతది?" అనేవారు నాన్న. నేను పెద్దదాన్నయ్యాక అమ్మ వచ్చి నా చెయ్యి పట్టుకుని లేపి, నా స్థానంలో రుబ్బురోలు పొత్రాన్ని కూర్చోబెట్టింది. దానికి నా పాత ఓణీ చుట్టారు. అప్పటినుంచి నేను వంటింట్లో బియ్యం ఏరుతూ అంతా విన్నాను. నాకు ఎవరూ నేర్పలేదు, నేర్పాలని ఎవరికీ తోచలేదు. కానీ పదిహేనేళ్ళకు మొత్తం పెళ్ళి నాకు కంఠతా వచ్చు. వసారాలో ఎవరైనా తప్పు చదివితే నేను గిన్నె మీద మూత ఠంగున వేసేదాన్ని. చదువుతున్నవాడు ఆగి, వెనక్కి వెళ్ళి, సరిచేసుకునేవాడు. నాన్న ఏమీ ఎరగనట్టు దర్భలు ముడి వేసుకుంటూ ఉండేవారు.

మంత్రాలకంటే మనుషుల గురించే నాన్న ఎక్కువ చెప్పేవారు. పెన్‌పహాడ్ వైపు రైతుల ఇళ్ళలో పెద్దలకు ఓపిక తక్కువ, భోజనాల బంతి లేటయితే కేకలు వేస్తారు, అక్కడ ఏది తగ్గించాలో ముందే తెలుసుకోవాలి. సూర్యాపేట షావుకార్ల ఇళ్ళలో ముసలమ్మలకు పురోహితుడికంటే ఎక్కువ తెలుసు, అక్కడ ఒక్క ముక్క తగ్గించినా పట్టుకుంటారు. అన్నిటికంటే ముఖ్యం పేర్లు. కన్యాదానం వేళ అటు మూడు తరాలు, ఇటు మూడు తరాలు పేరుపేరునా చెప్పాలి. "ముందురోజే పోయి అడిగి తెలుసుకోవాలె. పెండ్లినాడు ఆ గడబిడల ముత్తాత పేరు ఎవనికీ యాదికి రాదు. నోటికొచ్చిన పేరు చెప్తె ఆ పిల్లను ఇంకెవరింటికో ఇచ్చినట్టయితది," అనేవారు. ఇంకో నియమం కూడా పెట్టారు. పెళ్ళికాని శిష్యుడు పక్కన కూర్చుని సాయం చేయవచ్చు గానీ పెళ్ళి తానుగా నడిపించకూడదు. సంసారం తెలియనివాడు ఇంకొకరికి సంసారం కట్టబెట్టడమేమిటని ఆయన వాదన. ఆ రోజుల్లో అది పెద్ద ఇబ్బంది కాదు. చదువు ముగిసేసరికి ఎవరో ఒకరు పిల్లనిచ్చేవారు. పెళ్ళి అయ్యగారి ఇంట్లో తిండికి లోటుండదు, మాటకు విలువ ఉంటుంది అనుకునే రోజులు.

ఆ శిష్యులందరిలో నరహరి గారు మేటి. మోతె దగ్గర పల్లె నుంచి పన్నెండేళ్ళప్పుడు వచ్చారు. నాకంటే నాలుగేళ్ళు పెద్ద. ఎక్కువ మాట్లాడేవారు కాదు. ఆయన చదువుతుంటే నేను మూత వేయవలసిన అవసరం దాదాపు వచ్చేది కాదు. ఎప్పుడైనా వస్తే, ఆయన ఆగి వంటింటి వైపు చూడకుండానే చిన్నగా నవ్వేవారట. తమ్ముడు చెప్పాడు. నేను ఉపాధ్యాయ శిక్షణలో చేరిన ఏడాది అమ్మ నన్ను పిలిచి, నరహరిని చేసుకుంటావా అని నాన్న అడగమన్నారని చెప్పింది. వంటింట్లో మినప్పప్పు రుబ్బుతున్నాను. నాకు కోపం త్వరగా వస్తుంది, వస్తే గొంతు పెద్దదవుతుంది, అది పుట్టుకతో వచ్చిన జబ్బు. "మూటల బియ్యం తిన్నది చాలదానే అమ్మా? పొద్దున లేస్తె ఎవలింట్లనో ఉండే మనిషి నాకొద్దు. జీతం తెచ్చే మనిషిని చూడండి. పిలకజుట్టు ఆయనకు నన్ను కట్టబెడితె బాయిల దుంకుత," అన్నాను. అన్నాక చూస్తే వసారా నిశ్శబ్దంగా ఉంది. పాఠం ఆగిపోయింది. గోడకు అవతల నరహరి గారు చిన్నపిల్లలకు పాఠం చెప్తున్నారని నాకు తెలుసు. తెలిసే అన్నానా, తెలియక అన్నానా అని ఇన్నేళ్ళూ నన్ను నేను అడుగుతూనే ఉన్నాను. తెలిసే అన్నాను. ఒక్క నిమిషం తర్వాత ఆయన గొంతు మళ్ళీ వినిపించింది. ఎక్కడ ఆగిందో అక్కడి నుంచే, ఏమీ కానట్టు.

నాన్న నన్నేమీ అనలేదు. ఒక ఏడాది తిరక్కుండా నీటిపారుదల శాఖలో గుమాస్తాగా ఉన్న సంబంధం కుదిర్చారు. అబ్బాయివాళ్ళది భారద్వాజ గోత్రం. కూతురికి కన్యాదానం చేసే తండ్రి తానే పురోహితుడిగా కూర్చోలేడు కాబట్టి కోదాడ నుంచి నాన్న స్నేహితుడైన ఒక పెద్దాయన రావాలి. ఆ రోజు పెద్ద ముహూర్తం. సూర్యాపేట చుట్టుపక్కల ఎన్ని పందిళ్ళు వేశారో, అయ్యగారు ఒకచోట మంగళసూత్రం కట్టించి ఇంకో చోటికి జీపులో పరుగెత్తే రోజు. పొద్దున పది దాటినా కోదాడ పెద్దాయన రాలేదు. ముందు ఒప్పుకున్న పెళ్ళిలో ఇరుక్కుపోయారని కబురొచ్చింది. ముహూర్తం దగ్గరపడుతోంది, ఊళ్ళో ఇంకో పురోహితుడు ఖాళీగా లేడు. నాన్న తాను పెట్టిన నియమాన్ని తానే పక్కన పెట్టి, "నరహరీ, నువ్వే కూసో," అన్నారు. పెళ్ళికాని శిష్యుడు మొదటిసారి తానుగా నడిపించిన పెళ్ళి నాదే.

తెరకు ఇవతల నేను బుట్టలో కూర్చుని తలవంచుకుని వింటున్నాను. మిగతా పెళ్ళికూతుళ్ళకు అదంతా గుణగుణ. నాకు మాటమాటా తెలుసు. కన్యాదాన వాక్యం మూడుసార్లు చెప్పాలి. మొదటిసారి మా వైపు మూడు తరాలు చక్కగా వచ్చాయి. తర్వాత పెళ్ళికొడుకు గోత్రం రావాలి. నరహరి గారి గొంతు "కౌండిన్య" అంది. కౌండిన్య ఆయన గోత్రం. ఆగలేదు, ఆ గోత్రానికి చెప్పే ముగ్గురు ఋషుల పేర్లూ వరసగా చెప్పేసింది. అంటే ఆ వాక్యం ప్రకారం నన్ను ఇస్తున్నది ఆయనకే. మేళం మోగుతోంది, చుట్టాలు మాట్లాడుకుంటున్నారు, పెళ్ళికొడుకుకు సంస్కృతం రాదు. ఆ పందిట్లో ఆ తప్పు ముగ్గురికే తెలిసింది. వేసేందుకు ఆ రోజు నా చేతిలో మూత లేదు. నాన్న మెల్లగా, కోపం లేకుండా, "భారద్వాజ," అన్నారు. నరహరి గారు ఒక్క క్షణం ఆగి, మొదటినుంచి అందుకుని, మూడుసార్లూ తప్పులేకుండా చెప్పారు. రోజుకు మూడు పూటలా సంధ్య వార్చేటప్పుడు సొంత గోత్రం చెప్పుకునే నోరు, అలవాటు కొద్దీ జారింది. పురోహితులకు తప్ప ఇంకెవరికీ జరగని పొరపాటు. నేను అలాగే అనుకున్నాను, అలాగే అనుకోవాలని అనుకున్నాను.

మా ఆయన మంచివాడు. జీతం తెచ్చాడు. కాలువకు నీళ్ళు వదిలినప్పుడల్లా నెలల తరబడి గట్ల మీదే తిరిగాడు. ఎవరింట్లోనో ఉండే మనిషి వద్దని గొడవచేసిన నేను, ఎక్కడ ఉన్నాడో తెలియని మనిషి కోసం అన్నం మూతపెట్టి కూర్చున్నాను. దానికి నేను ఏడవలేదు, నవ్వుకున్నాను. బడిలో పాఠాలు చెప్పాను, పిల్లల్ని పెంచాను, ఒకే రకం సన్నబియ్యం వండుకు తిన్నాను. మా ఆయన పోయి నాలుగేళ్ళయింది. నరహరి గారికి నా పెళ్ళయిన రెండేళ్ళకు జగ్గయ్యపేట వైపు సంబంధం కుదిరింది. ఆవిడ పుట్టింటికి దగ్గరగా ఉంటుందని కోదాడలో స్థిరపడ్డారు. ఆవిడా పోయింది. చుట్టాల పెళ్ళిళ్ళలో ఎదురుపడితే ఆయన "బాగున్నరా సుభద్రమ్మా" అనేవారు, నేను "బాగున్నాం" అనేదాన్ని. అంతకంటే ఎక్కువ మాట్లాడుకున్న గుర్తు లేదు.

అందుకని ఆయన చాప మీద కూర్చుని కీర్తన సంగతి అడిగితే నేను కాదనలేకపోయాను. మర్నాడే సూర్యాపేట వెళ్ళాను. కీర్తన ఒక ప్రైవేటు దవాఖాన ల్యాబులో పనిచేస్తుంది. ఇరవయ్యారేళ్ళ పిల్ల, నా కోపమూ నా నోరూ దానికి వచ్చాయని మా తమ్ముడి ఫిర్యాదు. విషయం చెప్పాను. అది తల దువ్వుకోవడం ఆపి నా వంక చూసింది. "వాసు అయ్యగారు మంచోడే అత్తా. మా ఫ్రెండ్ పెండ్లిల చూసిన. కాని నాకు వద్దు. నా డ్యూటీ ఆదివారం గూడ ఉంటది, ఆయన పని గూడ సెలవుల్నే ఉంటది. ఇద్దరం ఎప్పుడు కలిసి ఉంటం?" అంది. నిజమే కదా అనిపించింది. తర్వాత అది అడగకూడనిది అడిగింది. "అయినా తాత దగ్గర అంతమంది చదువుకున్నరంట గదా. నువ్వెందుకు ఒక్కణ్ణి గూడ చేసుకోలె?"

ఎవరికీ చెప్పని సంగతి దానికి చెప్పాను. వంటింట్లో అన్న మాట, గోడ అవతల ఆగిపోయిన పాఠం, పెళ్ళిపీటల మీద జారిన గోత్రం, అన్నీ. "బాధపడ్డవా అత్తా, ఆయనను చేసుకోనందుకు?" అని అడిగింది. "చేసుకోనందుకు కాదే. వద్దనడం నా ఇష్టం. గోడ చాటు నుంచి, ఆయన వినేటట్టు, అట్ల అన్నందుకు. ఆ మాట ముఖం మీద చెప్పే ధైర్యం నాకు లేకపోయింది," అన్నాను. అది దువ్వెన పక్కన పెట్టి, "అయితె నేను ముఖం మీదనే చెప్త. నువ్వు నాతోని రా," అంది.

ఆ ఆదివారం సెలవు పెట్టుకుని వచ్చింది. కోదాడలో హైవే పక్కన ఫంక్షన్ హాల్లో వాసు పెళ్ళి చేయిస్తున్నాడు. పెళ్ళికానివాడు పెళ్ళి నడిపించకూడదన్న నాన్న నియమాన్ని నరహరి గారు ఎప్పుడో వదులుకున్నారు, పట్టుకుని కూర్చుంటే చేయించేవాడే ఉండడు. వెనక వరుసలో కూర్చున్నాం. పందిరి లేదు, స్టేజీ ఉంది. మేళం బదులు స్పీకర్లు. ఫోటోగ్రాఫర్ పెళ్ళంతా తనదే అన్నట్టు, "అయ్యగారూ, జర ఆగండి. ఆ దండ మళ్ళొకసారి వేయించండి, లైటింగ్ రాలే," అని మూడుసార్లు ఆపాడు. వాసు మూడుసార్లూ ఆగాడు, విసుక్కోలేదు, మళ్ళీ ఎక్కడ ఆపాడో అక్కడి నుంచే అందుకున్నాడు. కన్యాదానం దగ్గర మాత్రం ఫోటోగ్రాఫర్ చెయ్యి ఎత్తితే తల అడ్డంగా ఊపాడు. రెండు వైపులా ఆరు తరాల పేర్లూ తడుముకోకుండా చెప్పాడు. ముందురోజే ఫోన్ చేసి అడిగి పెట్టుకున్నాడని ఆ ఇంటివాళ్ళే మెచ్చుకుంటున్నారు. నేను ఒక్క తప్పు దొరుకుతుందేమోనని చెవులు రిక్కించి విన్నాను. దొరకలేదు. ఆ పిల్లవాడి గొంతులో మా నాన్న పద్ధతి వినిపించి నా కళ్ళు తడిశాయి.

భోజనాల వేళ హాలు వెనక మెట్ల దగ్గర వాసు చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. కీర్తన నన్ను పక్కనే ఉండమంది. "మా అత్త తోని మీ గురువుగారు అడిగించిండ్రు. నాకు కుదరదనిపించింది. మీలో తప్పేం లేదు, మీ పని అంటె చిన్నచూపూ లేదు. నా బతుకుకూ మీ బతుకుకూ టైమ్ కలువదు. ఇంకొకరితోని చెప్పించుడు బాగుండదని నేనే వచ్చిన," అంది. వాసు కొంచెంసేపు నేల చూశాడు. తర్వాత తలెత్తి నిజంగానే నవ్వాడు. "మీరు పన్నెండో వాళ్ళండీ. నాకు ముఖం మీద చెప్పింది మాత్రం మీరొక్కళ్ళే. మిగిలినోళ్ళందరూ జాతకాలు కలవలేదనే చెప్పారు. కోదాడలో జాతకాలు చూసేది నేనేగదా! రెండు జాతకాలు నా దగ్గరే ఉంటే, కలిసినయ్యో లేదో నాకు తెలీదా?" అన్నాడు. కీర్తనకు నవ్వాగలేదు. ఇద్దరూ నవ్వుతుంటే, వీళ్ళకు పెళ్ళెందుకు కుదరకూడదు అని ఒక్క క్షణం నాకు ఆశ పుట్టింది. కానీ అది వద్దంది. వద్దంటే వద్దు. తిరుగు బస్సులో అది కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

నా కాలంలో ఒక పిల్ల పురోహితుణ్ణి కాదంటే వింత. ఇప్పుడు అవునంటే వింత. అప్పుడు మా వసారాలో ముగ్గురూ నలుగురూ ఉండేవారు, అయినా నా పెళ్ళినాడు ఒక్కరు తక్కువయ్యారు. ఇప్పుడు ఫంక్షన్ హాళ్ళు వీధికొకటి వచ్చాయి, చేయించేవాళ్ళు లేరు. పెళ్ళికి హాలు ఆర్నెల్ల ముందే మాట్లాడుకుంటారు, అయ్యగారి సంగతి వారం ముందు గుర్తొస్తుంది, అప్పుడు పరేషాన్ అవుతారు. ఫోన్‌లో చూసి చదివేవాళ్ళను పిలిచారట ఒక ఊళ్ళో, మధ్యలో ఎవరో ఫోన్ చేస్తే మంత్రం ఆగిందట. అందరూ నవ్వుతూ చెప్పుకుంటారు. పెళ్ళికి అయ్యగారు కావాలి అందరికీ. అయ్యగారికి పెళ్ళి మాత్రం ఎవరికీ అక్కర్లేదు. నాతో సహా అందరినీ కలిపే అంటున్నాను.

ఆషాఢంలో ముహూర్తాలు ఉండవు. ఆ నెలలో వాసు హైదరాబాద్ వెళ్ళిపోయాడని తెలిసి నేను కోదాడ వెళ్ళాను. నరహరి గారి గది బస్టాండుకు దగ్గర్లోనే, కిరాయి ఇంటి మేడ మీద. ఇద్దరు చిన్నపిల్లలు మూలకు కూర్చుని వల్లె వేస్తున్నారు. ఆయన వాళ్ళను నీళ్ళు తాగి రమ్మని పంపించారు. నేను ఇక ఆగలేకపోయాను. "ఆ రోజు నేనన్న మాట మీరు విన్నారు. వినాలనే అన్నాను. నన్ను క్షమించండి," అన్నాను. యాభై ఏళ్ళు మోసిన మాట ఇంత చిన్నదా అనిపించింది.

ఆయన ఆశ్చర్యపోలేదు. "ఆ మాటకు నేను బాధపడలే సుభద్రమ్మా. మీరు బియ్యం గురించి అన్నది నిజమే గదా. నేను గూడ ఆ అన్నమే తిన్న," అన్నారు. "మీకు తెల్వని ముచ్చట ఒకటున్నది. తెల్లారి నేను గురువుగారి దగ్గరికి పోయిన. ఈ విద్య ఇడిచిపెట్టి టౌన్ల ఏదన్న నౌకరీ చూసుకుంట, అట్లయితె అమ్మాయి ఒప్పుకుంటదా, అని అడిగిన. ఆయన నా భుజం మీద చెయ్యేసి, అమ్మాయి ఒప్పుకుంటదేమో నరహరీ, నేను ఒప్పుకోను, అన్నడు. నీ అంతటోడు మళ్ళ నాకు దొరకడు, నువ్వు పోతె ఈ పది ఊర్లకు పెండ్లి ఎవడు చేస్తడు, అన్నడు. నేను ఉండిపోయిన."

నాన్న నాతో ఆ సంగతి ఎన్నడూ అనలేదు. నన్ను అడగనేలేదు. ఆ రోజు పందిట్లో కౌండిన్య అన్నది అలవాటో కాదో ఇప్పుడు అడగబోయి మానుకున్నాను. అడగవలసిన అవసరం కనిపించలేదు.

"మొన్న వాసు గూడ అట్లనే వచ్చి నిలబడ్డడు," అన్నారు ఆయన. "పోవాల్నా గురువుగారూ, అని అడిగిండు. నేను ఉండుమంటె ఉంటడు. నా మాట జవదాటడు. ఉండుమనే మాట నోటిదాంక వచ్చింది. గురువుగారు నాకు చెప్పిందే, అదే మాట. అయినా పో అన్న. ఆయన నన్ను పోనియ్యలే, నేను వీన్ని పోనిచ్చిన. ఇద్దర్ల ఎవరిది తప్పో మీరు చెప్పండి. మీరైతె తప్పు పట్టుకుంటరు."

నాన్నంటే నాకు దేవుడితో సమానం. ఇన్నేళ్ళలో ఆయన గురించి ఒక్క మాట తక్కువగా అనలేదు. "తప్పు మా నాన్నదే," అన్నాను. గట్టిగానే అన్నాను. నరహరి గారు కండువా తీసి కళ్ళు ఒత్తుకున్నారు, మళ్ళీ భుజం మీద వేసుకున్నారు.

అంతలో ఆయన ఫోన్ మోగింది. చెవులు సరిగా వినిపించక స్పీకర్ పెట్టుకుంటారు, అవతలి మాట నాకూ వినిపించింది. పెన్‌పహాడ్ నుంచి ఎవరో రైతు. శ్రావణంలో బిడ్డ పెళ్ళి, వాసు అయ్యగారు కావాలి, ఆయన ఫోన్ కలవడం లేదు, ఉన్నాడా లేడా అని అడుగుతున్నాడు.

"లేడు నాయనా," అన్నారు నరహరి గారు. "పెండ్లి చేసుకునేటందుకు పోయిండు."

అవతలి మనిషి, "అయ్యో, మరి మా బిడ్డ పెండ్లెట్ల అయ్యగారూ?" అన్నాడు. నరహరి గారు నా వంక చూశారు. జీరపోయిన ఆ గొంతును రెండుసార్లు సవరించుకుని, ముహూర్తం ఎన్ని గంటలకో, పిల్ల ముత్తాత పేరేమిటో అడగడం మొదలుపెట్టారు.